సందెవేళ నమూనాలు

నిద్ర మీద ఇరవయ్యారేళ్ళు పరిశోధన చేసిన లక్ష్మీకామేశ్వరి, తన నిద్రను మాత్రం ఎవరి కోసమూ పాడు చేసుకోలేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి విజయనగరంలో తన మంచం మీద ఉండాల్సిందే. అందుకే మూడేళ్ళుగా కళింగపట్నం వస్తూ పోతూ ఉన్నా, నాలుగింటి బస్సు ఏనాడూ తప్పనివ్వలేదు. ఊరందరి నిద్రా లెక్కగట్టే మనిషికి ఆ మాత్రం శ్రద్ధ ఉండొద్దూ మరి!

చీకటి పడ్డాక మన మెదడులో మెలటోనిన్ అనే రసం ఊరుతుంది. ఇక పడుకోమని ఒంటికి కబురు చెప్పేది అదే. గట్టి వెలుతురు కళ్ళలో పడితే ఆ ఊట ఆగిపోతుంది. ఎన్నింటికి మొదలైందో తెలియాలంటే మనిషిని మసక వెలుతురులో కూర్చోబెట్టి, అరగంటకోసారి ఉమ్మి పట్టి చూడాలి. వేకువ మూడింటికే వేటకు పోయే ఇక్కడి మత్స్యకారులకు అది పెందలాడే ఊరుతుందని ఆమె అనుకుంది. తీరా చూస్తే రెండు గంటలు ఆలస్యం. శృంగవరపుకోట వైపు రైతులకేమో సరైన వేళకే ఊరింది. సముద్రం మీది బతుకు మనిషి ఒంట్లోని గడియారాన్నే చెడగొడుతోందని ఆమె తేల్చింది. అంతకు ముందు ఇరవై మూడేళ్ళు ఎలుకలతో కుస్తీ పడితే తల తిప్పి చూసినవాడు లేడు. ఈ ఒక్క మాటతో విదేశీ పత్రిక ఆమె వ్యాసం వేసుకుంటానంది. ఈ నెలాఖరుకి రిటైర్మెంటు. రేపటిలోగా ఆఖరి ప్రతి మీద సంతకం పెట్టి పంపాలి.

పత్రికవాళ్ళు ఒక ఫొటో అడిగారు, నమూనాలు తీస్తున్నప్పటిది. ఆ ఫొటో కోసమే ఆమె మొదటిసారి నాలుగింటి బస్సు వదులుకుంది.

ఈ ఊళ్ళో నలభై ఇళ్ళ నుంచి ఉమ్మి సీసాలు పోగుచేసి ఐసుపెట్టెలో పెట్టిన మనిషి బుల్లమ్మ. సందె పడగానే ఆమె దేవుడి మూల దీపం వెలిగించింది, మసక వెలుతురు కోసం లక్ష్మీకామేశ్వరి ఇచ్చిన ఎర్ర బల్బు వేసింది, చాప చంకన పెట్టుకుని చక్కా బయటికి నడిచింది. పక్కింటివాళ్ళూ అంతే. అందరూ చేపలు వేలం వేసే గట్టు మీదికి చేరి చాపలు పరిచారు. నెత్తిన ఎత్తైన స్తంభానికి నాలుగు పెద్ద లైట్లు. సూది పడినా దొరికేంత వెలుగు.

"ఇక్కడికెందుకొచ్చారు బుల్లమ్మా?"

"ఫొటో తీస్తానన్నావు కదా డాక్టరమ్మా. మేం ఊసింది ఇక్కడే కదేటి."

"ఎర్ర బల్బు వేసుకుని ఇంట్లో కూర్చోమన్నాను కదా!"

"బల్బు ఏసినాం. అదిగో, ఎలుగుతానే ఉన్నాది. మరి సందె దీపం ఎట్టినాక ఇంట్లో ఊస్తారేటమ్మా? లచ్చిందేవి వచ్చీ వేళ. మీ ఇంట్లో ఊస్తారేటి?"

ఊయరు. సందెవేళ వాళ్ళమ్మ ఇంట్లో చీపురే పట్టనిచ్చేది కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన సంగతి పరిశోధన పద్ధతి రాసేటప్పుడు గుర్తు రాలేదు. ఇంగ్లీషులో రాసింది మరి.

"ఊసేసి వెంటనే లోపలికి వెళ్ళిపోయేవారా?" లక్ష్మీకామేశ్వరి అడిగింది.

"అరగంటకోపాలి లోనకీ బయటికీ ఎవులు తిరుగుతారు? పది దాకా ఇక్కడే కూకున్నాం. లైటుంటే సీసా మూతి కనపడతాది కదా. మూడేళ్ళలో ఒక్క సుక్క కింద పడనియ్యలేదు," అంది బుల్లమ్మ గర్వంగా.

లక్ష్మీకామేశ్వరి అక్కడే ఒక చాప అంచున కూలబడి, శృంగవరపుకోటలో నమూనాలు తీసిన తిరుమలరావుకి ఫోను చేసింది.

"మీ వాళ్ళు ఎక్కడ కూర్చుని ఊసేవారు?"

"పెరట్లోనండి మేడమ్. దీపాలెట్టాక ఇంట్లో ఊయరు కదండి."

"పెరట్లో లైటుందా?"

"పెరట్లో లైటెక్కడదండి? కటిక చీకటి."

అయిపోయింది. అక్కడ చీకటి, ఇక్కడ స్తంభం లైటు. ఆ రెండు గంటల తేడా సముద్రానిది కాదు, పంచాయతీవాళ్ళ నాలుగు బల్బులది కావచ్చు. వెలుతురు సంగతి గట్టిగా చూసుకున్నారా అని పత్రికవాళ్ళు అడిగారు కూడా. చూసుకున్నామని ఆమే రాసింది. ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం ఇక్కడ ఉండి ఉంటే! ఏడుపు రాలేదు, భయం వేసింది. మళ్ళీ మూడేళ్ళు ఎవరిస్తారు? నోరు మూసుకుని సంతకం పెట్టేస్తే అడిగేవాడు లేడు. పెట్టేద్దామనే అనుకుంది. సంచీలోంచి కాగితాలు తీసి కలం మూత కూడా విప్పింది.

"అలాగున్నావేటి డాక్టరమ్మా?" అంటూ నూకయ్య మంచినీళ్ళ చెంబు అందించాడు. బుల్లమ్మ పెనిమిటి. పాతికేళ్ళు వేటకు వెళ్ళినవాడు. నిరుడు లక్ష్మీకామేశ్వరి ఇదే గట్టు మీద అందరినీ కూర్చోబెట్టి, మీ ఒంటి గడియారం చెడింది, ఇలాగే వేటకు పోతే షుగరూ గుండెజబ్బూ వస్తాయని చెప్పినప్పుడు, పడవలో వాటా వదిలేసి రొయ్యల చెరువు దగ్గర పగటి కాపలాకు కుదిరాడు. ఒక్క మనిషినైనా కాపాడానని ఆమె ఎంత పొంగిపోయిందో!

ఇప్పుడతని మొహం చూడలేకపోయింది. కలం మూత పెట్టేసి లేచి నిలబడింది.

"అందరూ వినండి. నిరుడు నేను మీకు చెప్పింది తప్పు. మీరు లైటు కింద కూర్చున్నారని నాకు తెలీదు. లైటు కింద తీసిన ఉమ్మితో ఏమీ తేలదు. తప్పు మీది కాదు, నాది. ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను."

బుల్లమ్మ చేతిలోని సీసా వంక చూసుకుని, దాన్ని మెల్లిగా చాప మీద పెట్టింది.

నూకయ్య లక్ష్మీకామేశ్వరి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయితే నా గడియారం బాగున్నట్టేనా అమ్మా? నేను మళ్ళీ వేటకెల్లొచ్చా?"

లక్ష్మీకామేశ్వరి కాగితాలు మడిచి సంచీలో పెట్టింది. అతను జవాబు కోసం అలాగే చూస్తున్నాడు.

"తెలీదు నూకయ్యా," అంది. "నాకు తెలీదు."