గడియ వేయని గది

పెద్ద టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్రేమ ఎక్కడ దాచుకుంటుందో మాత్రం ఆ ప్లేస్కూలు పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాపలు పరిపించి, లైటార్పి, తలుపుకు ఠప్పున గడియ పెట్టేది. పెట్టకపోతే ఒక్క బుడ్డోడు లేచినా చాలు, మిగతా మందంతా వరండాలోకి పరుగో పరుగు. ఏళ్ల తరబడి అదే పద్ధతి.

ఆ పద్ధతికి ఎసరు పెట్టింది కొత్తగా చేరిన నాలుగేళ్ల పిల్ల. అందరూ పిచ్చుక అని పిలిచేవారు. పొద్దుటంతా నోట్లో నాలుక లేనట్టుండే పిచ్చుక, పడుకునే వేళకు కప్పెగిరిపోయేలా కేకలు పెట్టేది. ఎత్తుకుంటే తన్నేది, బుజ్జగిస్తే కొరికేది. మొండిఘటం అని టీచరు తేల్చేసింది. నెలాఖరుకు మారకపోతే పంపించేద్దామని బడి యజమానురాలూ తేల్చేసింది.

పిచ్చుక అమ్మమ్మ మొహం పాలిపోయింది. "నేను మిషన్ ముందు కూర్చుని నాలుగు బట్టలు కుడితేనే మా ఇద్దరికీ పూట గడిచేదమ్మా. దీన్నెక్కడ పెట్టుకోను? దీని అమ్మానాన్నలు కొట్టుకునేటప్పుడు దీన్ని గదిలో పడేసి తాళం పెట్టేవాళ్లు. చూడలేకే నా దగ్గరికి తెచ్చేసుకున్నా."

టీచరు అయ్యో అంది. అని, మరిచిపోయింది.

ఆ వారమే శిక్షణ తరగతి వచ్చిపడింది. మనసుకు దెబ్బ తగిలిన పిల్లలతో ఎలా మెలగాలో నేర్పుతారట. "తల నెరిసేదాకా పిల్లల్ని సాకినదాన్ని, నాకు పాఠాలా?" అని సణుక్కుంటూనే వెళ్లి చివరి వరసలో కూలబడింది. పక్కన బడి ఆయా.

పాఠం చెప్పే అమ్మాయికి టీచరు కూతురి వయసుంటుంది. ఏ పనైనా ముందు చెప్పి గాని చేయదు. "బయట గోలగా ఉంది, తలుపు దగ్గరికి వేస్తానండీ. ఎవరికైనా ఇబ్బందైతే తీసే ఉంచుదాం."

"తలుపు వేయడానికి కూడా ముహూర్తం పెట్టిస్తుందేమో," టీచరు గొణిగింది. ఆయా కిసుక్కున నవ్వింది.

మధ్యాహ్నం అందరినీ జంటలు చేశారు. ఒకరు పిల్లలా చాప మీద పడుకోవాలి, రెండోవాళ్లు తమ బడిలో రోజూ జరిగేదే చేసి చూపాలి. టీచరు పడుకుంది. ఆయాకు ఇంతకన్నా మంచి అవకాశం మళ్లీ రాదు. అచ్చం టీచరులాగే నడుము మీద చేయి పెట్టుకుని "ఊఁ, కళ్లు మూయ్!" అని గద్దించి, లైటార్పి, ఠప్పున గడియ పెట్టింది.

హాలంతా గొల్లుమంది. టీచరుకు నవ్వు రాలేదు. కింద నుంచి చూస్తే ఆయా మోకాళ్లు, ఆ పైన గడియ, అంతే. పిచ్చుక కేక మొదలయ్యేది చీకటికి కాదు, నిద్ర రాకా కాదు. ఈ చప్పుడుకి! 

పాఠం చెప్పే అమ్మాయి వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది.

"రోజూ ఆ గడియ పెట్టేది నేనేనమ్మా," అంది టీచరు. చీవాట్లు తప్పవనుకుంది.

"రేపు ఎలా చేద్దామో ఇప్పుడే ఆలోచిద్దామా?" అంది ఆ అమ్మాయి. ఆ ఒక్క మాటకే టీచరు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు గడియ పెట్టలేదు. అనుకున్నట్టే మందంతా వరండా పాలైంది. వాళ్లను పట్టుకొచ్చేసరికి ఆయాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇక లాభం లేదని టీచరే గుమ్మంలో, ద్వారబంధానికి వీపు ఆనించి కాళ్లు బారచాపి కూర్చుంది. "ఇదిగో, గడియ పెట్టను. నేనిక్కడే ఉంటా. బయటికెళ్లాలంటే నన్ను లేపండి." పిచ్చుక గడియ వంకే చూస్తూ పడుకుంది. కేక మాత్రం పెట్టలేదు. ఆ రోజు నుంచి లైటార్పాలన్నా, కిటికీ మూయాలన్నా టీచరు ముందు అడిగేది, "భయమైతే తీసే ఉంచుదాం" అనేది. రోజులు గడిచేకొద్దీ దాని చాప గుమ్మం దగ్గరికి జరుగుతూ వచ్చింది.

నెలాఖరు దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం టీచరుకే కునుకు పట్టింది. భుజం మీద చిన్న చెయ్యి పడితే ఉలిక్కిపడి లేచింది.

"టీచర్, జల్లు కొడుతోంది. తలుపు దగ్గరికి వేయనా?" పిచ్చుక గుసగుసగా అంది. "నీకు భయమైతే తీసే ఉంచుదాం."

 "వెయ్యి తల్లీ. నువ్వుండగా నాకు భయమేంటి?" అని టీచరు కాళ్లు ముడుచుకుంది.

పిచ్చుక రెండు చేతులతో తలుపు నెట్టి, టీచరు ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. కిటికీలోంచి చూసిన యజమానురాలు పంపించే మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం అమ్మమ్మ వచ్చి టీచరు చేతులు కళ్లకద్దుకుంటే, "నాకు కాదమ్మా, ఈ దండం వేరే చోటికి వెళ్లాలి," అని టీచరు ఫోన్ తీసింది.

"ఎవరండీ?" అంది పాఠం చెప్పిన అమ్మాయి.

"గడియ టీచర్నమ్మా. మా పిచ్చుక ఇవాళ తలుపు వేసింది. తనే. నన్నడిగి మరీ..."

"మొదటినుంచీ చెప్పండి," అంది అవతల ఆ అమ్మాయి. టీచరు గుమ్మంలో కాళ్లు బారచాపి కూర్చుని, జల్లు కొట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.