నీళ్ళ గరిటె

“ఒక్క ఏడాది ఆగి చేరితే కొంపలేం మునగవు,” అంది ఇర్మా. పొద్దుటి నుంచీ అదే మాట.

“సీటు నాకోసం ఆగదమ్మా,” అంది సైమా గిన్నెలు తుడుస్తూ. “ఆగస్టులో ఔలు నర్సింగ్ కాలేజీకి వెళ్ళకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

“మళ్ళీ పరీక్ష రాసుకో. ఆ కాళ్ళు చూడు, ఎలా నీరు పట్టాయో! ఆవిడ ఏడాది కూడా ఉండదు.”

ఆ కాళ్ళు కిటికీ పక్కన పీట మీద ఉన్నాయి. వాటి మనిషి, ఇర్మా అత్తగారు హిల్యా, పంచదార ముక్కను కాఫీలో ముంచుకుంటోంది.

“కాళ్ళకే పట్టిందే ఇర్మా, చెవులకింకా పట్టలేదు.”

సైమా తండ్రి తౌనో పేపర్ దించలేదు. “కన్నతల్లిని వృద్ధుల హోమ్‌లో పడేశాడంటారు ఊళ్ళో. అదీ, నర్సు కాబోయే పిల్ల ఇంట్లో ఉండగా!”

నర్సు కాబోయే పిల్ల. జూన్‌లో హైస్కూలు ముగిసి, పాసైనవాళ్ళు పెట్టుకునే తెల్ల టోపీ నెత్తికెక్కినప్పటి నుంచీ ఇంట్లో అందరికీ ఆ మాట బాగా పనికొస్తోంది. మామ్మ కట్లు, గోళ్ళు, పక్క కింది కుండ, అన్నీ సైమావే. ప్రాక్టీసట.

“ఆ టోపీ పెట్టుకుని తియ్యవే కుండ,” అంటుంది మామ్మ. “మార్కులు ఎక్కువేస్తారు.”

సాయంత్రం సౌనాకి, ఆవిరి స్నానాల గదికి, మామ్మను తీసుకెళ్ళింది కూడా సైమానే. ఆ ఇంట్లో శనివారం నీళ్ళ గరిటె పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. వాళ్ళకు తోచినప్పుడు కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తారు, మిగతావాళ్ళు ఓర్చుకుంటారు. హిల్యా గరిటెడు పోసింది. వెంటనే ఇంకో గరిటెడు. ఆవిరి చెవులు కాల్చేసింది.

“చాలు మామ్మా, గుండెకి మంచిది కాదు.”

“నువ్వింకా నర్సువి కాలేదులే.” పళ్ళు లేని నోటితో నవ్వింది. “నాకు ఏడాదే ఇచ్చారు కదూ మీ వాళ్ళు? మా అమ్మ తొంభై దాటి బతికింది. నీ పడుచుతనమంతా నా కుండ కిందే, చూస్తూ ఉండు.”

కాసేపటికి ముసలి చెయ్యి సైమా మణికట్టును పట్టుకుంది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“ఆ హోమ్‌కి మాత్రం పంపనివ్వకే. అక్కడ సౌనా లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పైపుతో కడిగేస్తారట. గొడ్లను కడిగినట్టు.”

“సరే, దిగుదాం పద.”

బల్ల మీంచి దించేటప్పుడు చంక కింద చెయ్యి వేసి, బరువు తన తుంటి మీదికి తీసుకోవాలని సైమా పుస్తకంలో చదివింది. అలాగే పట్టుకుంది. తడి మెట్టు మీద మామ్మ ఆగి, చెవిలో చెప్పింది.

“నువ్వెక్కడికీ పోవు. పోనివ్వను.”

సైమా చెయ్యి సడలింది. తోయలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళైనా సైమా తనతో తాను చెప్పుకున్నది అదే: తోయలేదు.

నేల మీద పడ్డ మామ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పాదం చూసింది. తుంటి విరిగితే అది పక్కకి తిరుగుతుంది. తిరగలేదు. కాలు ఎత్తించింది. లేచింది. విరగలేదు. తొడ మీద మాత్రం నల్లగా కములుతోంది. హోమ్‌లో గదులు ఇప్పించే మున్సిపాలిటీ నర్సుకి చూపించడానికి అది చాలు.

“వదిలేశావు,” అంది హిల్యా.

“జారావు మామ్మా.” అంత మెత్తని గొంతు తనకెప్పుడు వచ్చిందో సైమాకే తెలియలేదు. ముసలావిడ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి గరిటె తీసుకుని, అందనంత ఎత్తులో మేకుకి తగిలించింది. ఆమెను తువ్వాలులో చుట్టి, బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి, ఆమె ఎదుటే ఫోన్ చేసింది.

వంటింట్లో సాసేజీలు వేగుతున్నాయి. కుర్చీలో కూర్చోబెట్టగానే హిల్యా వేలెత్తి చూపించింది.

“ఇది నన్ను వదిలేసింది. కావాలనే.”

ఇర్మా సైమా ముఖంలోకి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత ఆవాల ముద్ద సీసా మూత తిప్పింది.

“పాపం, దెబ్బకి మతి చెదిరినట్టుంది అత్తయ్యకి.”

తౌనో పేపర్ మడిచాడు. “పడిందంటే... ఇక మనమేం చేస్తాం. ఊళ్ళోవాళ్ళు కూడా అర్థం చేసుకుంటారు.”

మామ్మ సాసేజీని సైమా చిన్న ముక్కలుగా కోసి, ప్లేటు ఆమె ముందుకు జరిపింది.

“నర్సుతో మాట్లాడాను,” అంది, గొంతు పెంచకుండా. “గది ఖాళీగా ఉందట. సోమవారం బండి పంపుతారు. ఆగస్టులో నేను ఔలు వెళ్తున్నాను.”