సున్నాకు దిగువ నీరు

ఆము నది నుంచి కోక్‌జర్ గ్రామానికి వచ్చే కాలువలో నాటిన కొలకర్రను ఒతేనియాజ్ ముప్పై ఒక్క సంవత్సరాలుగా చదువుతున్నాడు. ప్రతి ఉదయం నీటిమట్టం ఏ గీతను తాకిందో చూసి, ఆ అంకెను ఫోనులో జిల్లా కార్యాలయానికి చెప్పడం అతని ఉద్యోగం. కంటికి కనబడని అంకెను అతడు ఏనాడూ చెప్పి ఎరుగడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనివారికి తానే చెప్పేవాడు.

వరుసగా మూడో ఏడు కూడా కొండలలో మంచు సరిగా పడలేదు. వరిమళ్లు ఉప్పు పేరుకుని తెల్లబడ్డాయి. బావినీరు నోట పెట్టలేనంత చేదెక్కింది. కాలువ నీరు కొలకర్ర అడుగునున్న సున్నాను దాటి కిందికి జారింది. సున్నాకు దిగువన గీత లేదు కనుక ఒతేనియాజ్ సున్నా అనే చెప్పాడు. అలా నలభై రోజులు చెప్పాడు.

మట్టం వరుసగా పదిరోజులు తగ్గితేనే ఊరికి తాగునీటి ట్యాంకరు పంపాలని నియమం.

"పక్కూరు షోర్‌తూబే వాళ్లకి వారానికి రెండు ట్యాంకర్లొస్తున్నాయి. వాళ్ల కర్ర మనిషి రోజుకో వేలెడు తగ్గించి చెబుతున్నాడట. నువ్వు చెబితే నోట్లో ముత్యాలు రాలతాయా?" అంది భార్య షారిగుల్.

"కర్రమీద లేని అంకె ఎలా చెప్పనే?"

"కర్ర చూడకు. ఇంట్లో బిందెలు చూసి చెప్పు."

నలభై ఒకటో రోజున ట్యాంకరు వచ్చింది. ఊరంతా బిందెలతో పరుగెత్తింది. డ్రైవరు బెకింబెత్ తాపీగా దిగి, గొట్టాన్ని కాలువలోకి వదిలాడు.

"అదేంట్రా నాయనా, మాకు నీళ్లు పట్టుకురాలేదూ?" అంది షారిగుల్.

"పట్టుకెళ్లడానికే వచ్చానమ్మా, షోర్‌తూబేకి. జిల్లా మొత్తంలో మట్టం తగ్గని కాలువ మీదొక్కటేనట. ఆఫీసులో మిమ్మల్ని తెగ మెచ్చుకుంటున్నారు!"

గొట్టం సగం ట్యాంకరు నింపి, బురద కక్కింది. ఊరి చూపులన్నీ ఒతేనియాజ్ వైపు తిరిగాయి.

మర్నాడు అతడు, ఇకమీదట తగ్గేది గీతల మీద కనబడాలని కర్రను పెరికి, కాలువలో మిగిలిన ఒకే ఒక గుంటలో, సున్నా నేలకు ఆనేలా నాటాడు. నీరు పద్దెనిమిదో గీతను తాకింది.

"పద్దెనిమిది. కానీ అమ్మాయ్, కర్రని గుంటలోకి మార్చాను. అదీ రాసుకో," అన్నాడు ఫోనులో, జిల్లా కార్యాలయంలో అంకెలు రాసుకునే అమ్మాయితో.

"ఫారంలో దానికి గడి లేదు తాతా. నిన్న సున్నా, ఇవాళ పద్దెనిమిదా! మీ నోట్లో పంచదార పొయ్యాలి."

"పెరగలేదమ్మా, తగ్గింది!"

"తగ్గితే అంకె తగ్గాలి కదా?"

ఆ వాదనలో అతనికి తప్పు దొరకలేదు. అది తన వాదనే.

మూడో రోజుకు ఎండ ఆ గుంటనూ తాగేసింది. అదే రోజున ఆ పద్దెనిమిదిని తోడుకుపోవడానికి ఆరు ట్యాంకర్లు వచ్చాయి. డ్రైవర్లు బీటలువారిన అడుగును చూసి చెమట తుడుచుకున్నారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని, శత్రువైనా సరే, చాయ్ ఇవ్వకుండా పంపడం కోక్‌జర్‌లో లేదు. షారిగుల్ పళ్లు నూరుతూ అతిథులకు వేసే వస్త్రం నేలమీద పరిచి, రెండు రోజులకని దాచిన నీటినంతా కెటిల్‌లో వంచింది.

"కూర్చోండి నాయనా. నీళ్లకోసం వచ్చి దాహంతో పోతారా?"

వాళ్లు తలా రెండు గిన్నెల చాయ్ తాగారు. బెకింబెత్ మూతి తుడుచుకుని ఒక కాగితం తీశాడు.

"ఉత్తచేతులతో పోతే మా తోలు తీస్తారు తాతా. ఓ సంతకం పెట్టు."

కాగితంలో ఒకే వాక్యం ఉంది: 'కోక్‌జర్‌లో డ్రైవర్లకు నీరు అందినది.' ఒతేనియాజ్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అబద్ధమేమీ కనబడలేదు. సంతకం చేశాడు.