అమ్మమ్మ పక్క సీటు

నాకు అసూయ అంటే ఏమిటో తెలియదు. పుట్టేటప్పుడు అందరికీ తలా కాస్త పంచే ఆ సరుకు నా దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. పక్కింటివాడు కొత్త బండి కొంటే దగ్గరుండి తుడిచిపెట్టే రకం నేను. ఇంత మంచి మనసున్నవాడు భూమ్మీద ఇంకొకడు ఉంటే తీసుకురమ్మని చాలామందితో పందెం కాశాను. ఇంతవరకూ ఎవరూ తేలేదు.

విదేశీ టూరు చివరి రోజు పొద్దున హోటల్ టిఫిన్ల హాల్లో, ఒక కుర్రాడి కాఫీలో ఎప్పట్లాగే ఉప్పు కలుపుతూ ఈ సంగతే తలుచుకున్నాను.

ఆ కుర్రాడు మందుల షాపులో పని చేస్తాడట. టూరుకి ఒంటరిగా వచ్చాడు. ఎవరేం చెప్పినా "సరేనండి" అంటాడు కాబట్టి బస్సంతా అతన్ని సరేనండి అనే పిలుస్తుంది. ఆ కాఫీ చివరి చుక్కదాకా తాగి, ఇక్కడి కాఫీ రుచి ఇలాగే ఉంటుంది కాబోలండీ అని నాతోనే చెప్పాడు. అలాంటి వాణ్ణి ఏం చేయాలి?

అతను నాకు చేసిన ద్రోహం చిన్నది కాదు. మా అమ్మమ్మని ఎగరేసుకుపోయాడు.

మా టూరు మేనేజరు ఎప్పుడూ మూసిన గొడుగు పైకెత్తి ముందు నడుస్తాడు. అందుకని ఆయన గొడుగుగారు. గొడుగుగారు తలలు లెక్కపెట్టడు. మొదటి రోజే అందరినీ జోడీలు కట్టమన్నాడు. బస్సు కదిలే ముందు గొడుగెత్తి "జోడీ?" అని అరుస్తాడు. ఎవరి జోడీని వాళ్లు చూసుకుని "ఉన్నారు" అనాలి. బస్సులోనైనా విమానంలోనైనా జోడీలు పక్కపక్కనే కూర్చోవాలి.

వచ్చేటప్పుడు అమ్మమ్మకి జోడీ నేనే. విమానం పైకి లేస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లు బట్టలు కత్తిరించిన చెయ్యి అది. నా అయిదు వేళ్లూ కలిసి ఒకే వేలయ్యాయి. మబ్బులు దాటాక ఒక్కొక్కటే విడదీసుకున్నాను. అయినా ఆ నొప్పి నాది. ఇంకొకడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

మూడో రోజు పెద్ద రైల్వే స్టేషన్లో చిన్న తమాషా చేశాను. అమ్మమ్మ అటు తిరగ్గానే స్తంభం వెనక దాక్కున్నాను. ఆవిడ "నాన్నా, నాన్నా" అని వెతుకుతుంటే నవ్వాపుకోలేక స్తంభాన్ని కరిచాను. నేను బయటికొచ్చాక ఆవిడ తిన్నగా గొడుగుగారి దగ్గరికెళ్లి జోడీ మార్పించుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ పక్క సీటు సరేనండిది.

నాకు బ్యాంకు మామయ్యని అంటగట్టారు. చుట్టం కాదు, బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి. ఆయన గురకకి బస్సు హారన్ మాకు వినపడేది కాదు. "జోడీ?" అంటే కళ్లు తెరవకుండానే "ఉన్నాడు" అంటాడు. ఒకసారి నేను ఇంకా బాత్రూంలో ఉండగానే బస్సులో ఉన్నాను.

ఇవన్నీ భరించాను. కానీ "నాన్నా" అన్నది నన్ను పిలిచే పిలుపు. ఇప్పుడు అమ్మమ్మ "నాన్నా, ఆ సంచి అందుకో" అంటే నేను లేచేవాణ్ణి, అతను అందుకునేవాడు. నేను మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆ వారం నేను లేచి కూర్చున్నన్ని సార్లు పహిల్వాన్లు కూడా తీసి ఉండరు గుంజీలు.

చివరి రోజు కదా అని టిఫిన్ దగ్గర నెమ్మదిగా కదిపాను.

"అమ్మమ్మా, విమానంలో నా పక్కన కూర్చో. కిటికీ నీకే."

"నాకు జోడీ ఉన్నాడుగా."

"అతను నీ చెయ్యేం పట్టుకుంటాడు? అతనికే భయం."

"భయపడితే నేను పట్టుకుంటాలే వాడి చెయ్యి" అంది అమ్మమ్మ, ఇడ్లీ దొరకని ఊళ్లో రొట్టెముక్క నములుతూ.

అప్పుడే తీర్మానించుకున్నాను. ఆ చెయ్యి అతని చేతిలోకి వెళ్లకూడదు.

ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో ఒక పెద్ద బట్టల షాపు దగ్గర బస్సు ఆపారు. నా పథకం సులువైనది. ట్రయల్ రూంలో దాక్కుంటాను. బస్సు టైముకి నా సీటు ఖాళీగా కనపడుతుంది. అమ్మమ్మ గొల్లుమంటుంది. సరేనండి ఎవడో కూడా మర్చిపోతుంది. అప్పుడు నేను కనపడతాను, ఇంటికెళ్లేదాకా నా చెయ్యి వదలదు. ఇంత పథకానికి ఇంత చిన్న ట్రయల్ రూం చాలదేమోనని కూడా అనిపించింది.

లోపల ఒక పొడుగు కోటు కప్పుకుని నిలబడ్డాను. కాసేపటికి సరేనండి గొంతు వినపడింది. "తమ్ముడూ, తమ్ముడూ" అని పిలుస్తున్నాడు. నేను అతనికంటే పెద్దవాణ్ణి. దానికోసమైనా పలకకూడదనుకున్నాను. తర్వాత తెర దగ్గరే అమ్మమ్మ గొంతు వినపడింది.

"వదిలెయ్ నాన్నా. వాడెప్పుడో బస్సెక్కేసి ఉంటాడు."

అడుగుల చప్పుడు దూరమైంది. ఎవరూ గొల్లుమనలేదు. ఇంకాసేపు గొల్లుమనడానికి అవకాశమిచ్చి బయటికొచ్చాను. బస్సు లేదు.

ముందు బ్యాంకు మామయ్య మీద అనుమానం వచ్చింది. నిద్రలో "ఉన్నాడు" అని ఉంటాడు. ఫోన్ తీశాను. నెట్ లేదు, వారమంతా సరేనండి హాట్‌స్పాట్ వాడుకున్నాను. కోపం వేరు, డేటా వేరు. పాస్‌పోర్టు గొడుగుగారి సంచిలో ఉంది. ఆ దేశపు భాషలో నాకు వచ్చినవి రెండే మాటలు, నీళ్లు, ధన్యవాదాలు. ఆ రెండిటితో పోలీసులకి ఏం చెప్పాలి? ఇక్కడే ఉండిపోయి, ఈ షాపులోనే బట్టలు మడతపెట్టి, ముసలివాణ్ణయ్యాక మావాళ్లెవరైనా టూరుకొస్తే దారి చూపించే రోజు దాకా ఆలోచించాను. కళ్లల్లో దుమ్ము పడింది. ఆ దేశంలో దుమ్ము లేదు.

"ఏరా."

వెనక్కి తిరిగాను. షాపు గుమ్మం పక్క బెంచీ మీద అమ్మమ్మ బిస్కెట్టు తింటోంది. సరేనండి ఆవిడ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

వెంటనే మొదలుపెట్టాను. నలుగురు దొంగలు నన్ను బట్టల గుట్టలోకి లాగారనీ, ముగ్గుర్ని అక్కడే పడగొట్టాననీ, నాలుగోవాడు కాళ్ల మీద పడితే క్షమించాననీ చెప్పాను. అమ్మమ్మ బిస్కెట్టు పూర్తయ్యేదాకా విన్నది.

"పాపం, పాంటు వదిలేశారు" అంది. "బయల్దేరే ముందు దాని పొడుగు తగ్గిస్తుంటే నల్లదారం అయిపోయింది. ఎవరు చూస్తార్లే అని నీలం దారంతో మడత కుట్టాను. తెర కింద రెండు నీలం గీతలు నిలబడి ఉన్నాయి."

కిందికి చూసుకున్నాను. గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి.

బస్సుని ఒక చుట్టు తిప్పుకురమ్మని గొడుగుగారికి చెప్పింది ఆవిడేనట. పోయే ముందు ఆయన ఉత్తుత్తిగా "జోడీ?" అంటే, బ్యాంకు మామయ్య "ఉన్నాడు" అన్నాడట.

నేను నవ్వబోయాను. అమ్మమ్మ నవ్వలేదు.

"ఆ రోజు స్టేషన్లో నీ నవ్వు నాకు వినపడిందిరా. నా ఏడుపే నీకు వినపడలేదు. జోడీ అంటే పిలిస్తే పలికేవాడు. అందుకే వీణ్ణి అడిగాను."

సరేనండి దూరంగా ఉన్న షాపు బోర్డుని చదువుతున్నట్టు నటించాడు. అది మాకెవరికీ రాని భాష.

"ఇప్పుడు చెప్పు. ఈసారి ఎందుకు దాక్కున్నావు?"

నలుగురు దొంగల్లో ఒక్కడు కూడా సాయానికి రాలేదు.

"అసూయ, అమ్మమ్మా" అన్నాను. "ఇతన్ని నాన్నా అంటున్నావు. విమానం లేచేటప్పుడు నీ చెయ్యి ఇతను పట్టుకుంటే నేను చూడలేను."

సందు మలుపులో మా బస్సు కనపడింది. వచ్చి ఆగింది. తలుపులోంచి గొడుగు బయటికొచ్చి "జోడీ?" అంది.

"నాన్నా" అంది అమ్మమ్మ.

అలవాటు ప్రకారం సరేనండి పలకడం కోసం ఆగాను. అతను ఆకాశంలోకి చూస్తున్నాడు. అమ్మమ్మ చెయ్యి నావైపు చాచి ఉంది.

"ఉన్నాను అమ్మమ్మా" అన్నాను.

"ఇంకేమైనా ఉందా చెప్పేది?"

"వారం నుంచీ ఇతని కాఫీలో ఉప్పేస్తున్నది కూడా నేనే."