ఎండిన కాడల మీద పిట్టలు

పళ్ళ సెట్లు తయారుచేసే ఆవిడకు రోజంతా కిటికీ పక్కనే పని. మైనంలో ఒక్కో పన్నూ పేర్చడం, అరగదీయడం, మెరుగు పెట్టడం. కళ్ళు లాగి తలెత్తితే ఎదురుగా పెరటి గోడ, దాని కింద మూరెడు వెడల్పున బోసి మట్టి.

ఊరి చివర గుట్టను రోడ్డు కోసం తవ్వేస్తున్నారని విని, ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళింది. ఎవరూ నాటకుండా, నీళ్ళు పోయకుండా ఏటేటా ఊదారంగు పూలు పూసే మొక్కలు ఆ గుట్ట మీద ఉండేవని చిన్నప్పటినుంచీ తెలుసు. తవ్వే బండి డ్రైవరును బతిమాలి ఒక దుబ్బును వేళ్ళతో సహా పెళ్ళగించి, తడిగోనెలో చుట్టి తెచ్చి గోడ కింద నాటింది.

"వదినా, ఊరంతా పీకి పారేసేదాన్ని నువ్వు నెత్తిన పెట్టుకుని తెచ్చావా?" అంటూ ముక్కు విరిచింది మేడమీద వాటాలో ఉండే ఆడపడుచు. ఆవిడ బడిలో పెద్ద పంతులమ్మ. గీత గీసినట్టు లేనిదేదీ ఆవిడ కంటికి ఆనదు.

"ఉండనీవే, నీ అన్నమేమైనా తింటోందా?" అని నవ్వేసింది వదిన.

మొదటి ఏడు నాలుగాకులు వేసి ఊరుకుంది మొక్క. రెండో ఏడు వానలు పడగానే నడుమెత్తు లేచి విరగబూసింది. తేనెటీగల రొద పనిబల్ల దాకా వినిపించేది. పూలు రాలాక ఆకులు రాగిరంగుకు తిరిగాయి. చలి ముదిరేసరికి అవీ రాలి, గోధుమరంగు కాడలు, వాటి కొసన గుండుసూది తలల్లాంటి కాయలు మిగిలాయి. పొద్దుటి ఎండ వాటి మీద పడితే వదిన చేతిలో పని అలాగే ఆగిపోయేది.

ఆ రోజుల్లోనే ఆడపడుచు తోటి పంతులమ్మల్ని టీకి పిలిచింది. పళ్ళ డాక్టరుకు సెట్లు ఇచ్చి వదిన ఇంటికొచ్చేసరికి పెరడు అద్దంలా ఉంది. గోడ కింద మాత్రం ఏమీ లేదు.

"చచ్చిపోయిందిగా వదినా, కోసి పారేశాను."

"చావలేదు. పడుకుంది."

వచ్చినవాళ్ళు కళ్ళప్పగించి చూస్తుండగానే వదిన చెత్తడబ్బాలోంచి కాడలన్నీ ఏరి, పురికొసతో కట్టి, గోడ కిందే మట్టిలో గుచ్చి నిలబెట్టింది. ఆడపడుచుకు తల కొట్టేసినట్టయింది.

రెండు రోజులు ఆడపడుచు కిందికి దిగలేదు. మూడోనాడు పంచదార నెపంతో వచ్చి కిటికీ దగ్గర ఆగిపోయింది. బొటనవేలంత పిట్టలు అరడజను దాకా ఆ కట్ట మీద వాలి, కాయలు చిదిపి గింజలు తింటున్నాయి. ఒకదాని బరువుకు కాడ వంగిపోయింది. అది తలకిందులుగా వేలాడుతూ కూడా తిండి మానలేదు.

"దీని ఆబ పాడుగాను!" అని ఆడపడుచు పకపకా నవ్వింది. "రోజూ వస్తాయా?" అంది.

"నువ్వు కోసినా మానలేదు."

"తప్పయిపోయింది వదినా. ఎండిందంటే చాలు, నాకంతా చెత్తలాగే కనిపిస్తుంది."

"సరేలే, కూర్చో. టీ పెడతాను. కదిలావంటే ఎగిరిపోతాయి."

వందలమంది పిల్లల నోళ్ళు మూయించే మనిషి, టీ చల్లారిపోయేదాకా కిక్కురుమనకుండా కూర్చుంది.

ఎండలు మొదలవుతుండగా ఒకరోజు మేడమీంచి కేక వినిపించింది. "వదినా! మొలకలే! ఎర్రగా, ఏడు... కాదు, ఎనిమిది!"

తొలకరికి ఇద్దరూ చీరలు ఎగదోపుకుని దుబ్బును తవ్వి రెండుగా చీల్చారు, ఒక సగం బడి గేటు పక్కన నాటడానికి. మోచేతుల దాకా బురద. రెండు ముక్కల్నీ ఎగాదిగా చూసి, ఏ మొహమాటమూ లేకుండా పెద్దదాన్నే గోనెలో చుట్టుకుంది ఆడపడుచు.

"అది నాదే!" అంది వదిన.

"బడి గేటు పెద్దది కదమ్మా మరి," అంటూ ఆవిడ అప్పటికే వీధి గుమ్మం దాటేసింది.