కరెంటు లేని పెట్టె

నేను ఒక అబద్ధపు యంత్రాన్ని. నా ఒంటి మీద రాసిందేదీ నిజం కాదు. అందుకే నా కథైనా ఉన్నదున్నట్టు చెప్పాలని తాపత్రయం. చెప్పడానికి నోరు లేకపోవడమే నా ఉక్రోషం.

నన్ను తయారుచేసింది రేడియోలు బాగుచేసే మస్తాను. సముద్రం ఒడ్డునున్న మా ఊరి విశ్వవిద్యాలయంలో, మనస్తత్వశాస్త్ర విభాగం వాళ్ళు పురమాయించారు. టేకు పెట్టె, ముందు నల్లటి రేకు, దాని మీద వరసగా మీటలు. ఎడమ కొసన ‘స్వల్పం’ అనీ, మధ్యలో ‘తీవ్రం’ అనీ, కుడి కొసన ‘ప్రాణాపాయం’ అనీ తెల్లరంగుతో రాయించారు. మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, లోపల జుయ్యిమంటుంది, ముల్లు కదులుతుంది. అంతే.

“మరి షాకు ఎక్కడ కొడతాది సార్?” అని అడిగాడు మస్తాను.

“కొట్టకూడదయ్యా. కొట్టినట్టుండాలి,” అన్నారు ప్రొఫెసర్ కామేశం గారు.

“నాటకం సామానన్నమాట,” అని నవ్వుకున్నాడు మస్తాను.

కామేశం గారు క్రూరుడేమీ కాదు. వాకిట్లో పిల్లి ఈనితే వారం రోజులు పెరటిదారిన తిరిగిన మనిషి. పెద్దవాళ్ళు చెప్పారు కదా అని మామూలు మనిషి సాటివాడిని ఎంతవరకు బాధపెడతాడో తేల్చాలని ఆయన పట్టుదల. పరదేశంలో ఎవరో ఇలాంటి ప్రయోగమే చేశారట. మనవాళ్ళ సంగతి చూద్దామన్నారు. నా పక్కన నిలబడి ప్రయోగం నడిపే పని తన విద్యార్థిని లెంక హైమావతికి అప్పజెప్పారు. ఆమెది పార్వతీపురం దగ్గర పల్లె. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. డాక్టరేటు రావాలంటే కామేశం గారి సంతకం కావాలి.

జ్ఞాపకశక్తి మీద పరీక్ష అని చెప్పి ఊళ్ళోవాళ్ళని పిలిపించేవారు. వచ్చినాయన నా ముందు కూర్చుని మాటల జంటలు చదవాలి. గోడ అవతల గదిలో ఉన్న మనిషి వాటిని తిరిగి చెప్పాలి. తప్పు చెప్పినప్పుడల్లా ఒక మీట నొక్కాలి, ప్రతి తప్పుకీ ఇంకాస్త పెద్ద మీట. గోడ అవతల ఉన్నది అప్పలస్వామి అనే రంగస్థల నటుడు. అరవమన్నచోట అరిచేవాడు, మూలగమన్నచోట మూలిగేవాడు, చివరికి వచ్చేసరికి చప్పుడు చెయ్యకుండా ఉండిపోయేవాడు. ఆ నిశ్శబ్దమే అన్నిటికన్నా భయంకరంగా ఉండేది.

వచ్చినవాళ్ళలో కొందరు మధ్యలో లేచిపోయారు. ఎక్కువమంది లేవలేదు. నా ఎదుట కూర్చుని చెమటలు కక్కుతూ, నాలిక కరుచుకుంటూ, నొక్కుతూనే పోయారు. ‘ఓరి నాయనా, నాలో ఏమీ లేదు, చేతులు తీసెయ్యి’ అని నేను జుయ్యిమనేవాడిని. ఆ జుయ్యి విని ఇంకా భయపడేవారు.

ఆ వరసలోనే వచ్చాడు సనపల దాలినాయుడు. బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా విప్పే తీరిక లేక అలాగే వచ్చాడు. మొదట్లో హుషారుగానే నొక్కాడు. అవతల నుంచి ‘గుండె పట్టేస్తోంది, వదిలెయ్యండి’ అన్న కేక వినబడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అమ్మా, ఆ మనిసికి ఏటో అయిపోతంది. ఆపీద్దాం.”

“దయచేసి కానివ్వండి,” అంది హైమావతి. అలా అనాలనే ఆమెకి చెప్పారు.

“ఏటైనా అయితే ఎవుల్ది బాద్యత?”

“బాధ్యత మాది. ప్రయోగం ఆగకూడదు.”

అతను ఏడుస్తూ నొక్కాడు. తల అడ్డంగా ఊపుతూనే నొక్కాడు. ప్రాణాపాయం మీట దగ్గరికొచ్చేసరికి అవతల మూలుగు కూడా ఆగిపోయింది. కళ్ళు మూసుకుని దాన్నీ నొక్కాడు. హైమావతి ఆ సంగతి కాగితం మీద రాసుకుంది. ఆమె కూడా ఆపలేదు.

పూర్తవగానే ఇదంతా నటన అని చెప్పెయ్యాలి. చెప్పకూడదని కామేశం గారు ఆంక్ష పెట్టారు. “ఇది చిన్న ఊరమ్మా. ఒకడికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. అందరి వంతూ అయ్యాక చెబుదాం.” హైమావతి తలూపింది. దాలినాయుడు అవతలి గది మూసిన తలుపు వంక చూస్తూ వెళ్ళిపోయాడు.

మర్నాడు డ్యూటీ దిగి మళ్ళీ వచ్చాడు, సంచీనిండా బత్తాయిలతో.

“ఆ బాబు ఎలగున్నాడమ్మా? ఏ ఆసుపత్రో సెప్పండి, నానెళ్ళి సూసొస్తాను.”

“బాగానే ఉన్నారు.”

“ఒక్కపాలి సూపించండి.”

“వీలుకాదండీ.”

బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. ఈసారి మనిషి సగమయ్యాడు. గడ్డం పెరిగింది. అన్నం దిగడం లేదని, టిక్కెట్టు చింపుతుంటే ఆ కేకే వినబడుతోందని చెప్పాడు. పోలీసుల దగ్గరికెళ్ళి తానే ఒప్పేసుకుంటానన్నాడు. హైమావతి కామేశం గారి గదిలోకి వెళ్ళింది. గోడ పలచన, మాటలు నాకు వినబడ్డాయి.

“సార్, అతనికి చెప్పేద్దాం.”

“ఇంకా మనుషులు రావాల్సుంది హైమా.”

“అతను చచ్చిపోయేలా ఉన్నాడండీ.”

“అలా ఏమీ కాదు. నువ్వు కొత్తదానివి కాబట్టి భయపడుతున్నావు. నా మాట విను, కానివ్వు.”

కానివ్వు. ఆ మాట విని నాలో తీగలు తెగిపోతాయేమో అనిపించింది. పెద్దవాళ్ళ మాటకి మనుషులు ఎంతకి తెగిస్తారో తెలుసుకోవాలని కట్టిన పెట్టెను నేను. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టారే గాని, నా పక్కన నిలబడ్డవాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

హైమావతి బయటికొచ్చింది. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న దాలినాయుణ్ణి చూసింది. అతన్ని లోపలికి పిలిచి, స్క్రూడ్రైవరు తీసుకుని నా వెనక చెక్క ఊడదీసింది.

“చూడండి. బల్బులు, బ్యాటరీ, బజరు. ఇంకేమీ లేదు. ఆయనకి ఏమీ కాలేదు. ఆయన నాటకాల మనిషి.”

అప్పలస్వామిని కూడా పిలిపించింది. అతను గుమ్మంలో నిలబడి చేతులు జోడించాడు. దాలినాయుడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నాలోకి తొంగి చూశాడు. వేలు పెట్టి బ్యాటరీ తడిమి చూశాడు. అప్పలస్వామి భుజం పట్టుకుని నిజంగా బతికే ఉన్నాడా అన్నట్టు నొక్కి చూశాడు. ఆ తరవాత హైమావతి వైపు తిరిగాడు.

“పెట్టె అబద్దమమ్మా. నాను నొక్కడం అబద్దం కాదు కదా. ఆ మనిసి సచ్చిపోతన్నాడని తెలిసే నొక్కినాను.”

“నేను కూడా. మీ ఏడుపు చూస్తూనే కానివ్వమన్నాను,” అంది ఆమె.

వారం తిరక్కుండా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ప్రయోగం ఆగింది. కామేశం గారు అరవలేదు, తిట్టలేదు. సంతకం పెట్టలేదు, అంతే. హైమావతి డాక్టరేటు లేకుండానే ఒక మహిళా కళాశాలలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పాఠాలు చెప్పుకుంది. అప్పటికి చేతికందిన ఫలితాలతో కామేశం గారు వ్యాసం అచ్చువేశారు. దానికి మంచి పేరొచ్చింది. పాల్గొన్నవారందరికీ వెంటనే నిజం తెలియజేశామని అందులో రాసుకున్నారు.

నన్ను చాలాకాలం మెట్లకింద గదిలో పడేశారు. ఎలకలు నా తీగలు కొరికాయి. ఈమధ్య విభాగానికి ఉత్సవాలని దుమ్ము దులిపి, అద్దాల బీరువాలో నిలబెట్టి, ఆ వ్యాసంలోని మాటలే ముద్రించిన అట్టముక్క నా కాళ్ళ దగ్గర పెట్టారు. పిల్లలు వచ్చి చదువుతారు. ‘మేమైతే నొక్కేవాళ్ళం కాదు’ అనుకుంటూ వెళతారు. ఎవరో చదవమన్నదాన్ని చదివి, నమ్మమన్నదాన్ని నమ్మి వెళ్ళిపోతున్నారని నాకు మండుతుంది. అద్దం పగలగొట్టుకుని బయటికి రాలేను.

ఉత్సవాలకి హైమావతి వచ్చింది. జుట్టంతా నెరిసింది. అట్టముక్క చదివి, పక్కనే ఉన్న విభాగాధిపతిని పిలిచింది.

“ఇది తప్పు బాబూ. వెంటనే చెప్పలేదు. తీసెయ్యండి.”

ఆయన ఇబ్బందిగా చూశాడు. “పైనుంచి వచ్చిన మాటలు మేడమ్. నా చేతిలో లేదు. దయచేసి ఏమీ అనుకోకండి.”

హైమావతి ఆయనతో వాదించలేదు. ఒక కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుని, చుట్టూ ఉన్న పిల్లలకి దాలినాయుడి సంగతి మొదలుపెట్టింది. బత్తాయిల దగ్గరనుంచీ చెప్పింది. చాలా ఏళ్ళ తరవాత తను అతని బస్సెక్కిందట. ఆ ప్రయాణంలోనే, డబ్బులు చాలని ఒక ముసలామెని నడిదారిలో దింపెయ్యమని తనిఖీ అధికారి హుకుం వేశాడట. దాలినాయుడు సంచీ పక్కన పెట్టి, “నాను దింపను బాబూ. మీరు నా మీద రిపోర్టు రాసుకోండి,” అన్నాడట.

ఇంతలో విభాగాధిపతి తిరిగొచ్చాడు. “మేడమ్, సభ మొదలవుతోంది. పిల్లలందరూ హాల్లోకి వెళ్ళాలి. పదండి, పదండి.”

పిల్లలు ఒక్కొక్కరే కదిలారు. హైమావతి లేవలేదు. గుమ్మం దాకా వెళ్ళిన ఒకమ్మాయి ఆగింది, ఆయన వంక చూసింది, వెనక్కి వచ్చి నేల మీద కూర్చుంది.

“ముసలామెని దింపలేదు సరే,” అంది. “ఆ కండక్టరు ఉద్యోగం నిలబడిందా మేడమ్?”