నమ్మేటట్టు చెప్పే మనిషి

భర్త నరేందర్‌కు జ్వరమని అతని ఆఫీసర్‌తో ఫోన్‌లో చెప్పేటప్పుడు గౌతమి గొంతు కూడా కాస్త నీరసపడింది. ఎవరూ నేర్పకుండానే వచ్చేసిన విద్య అది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, మరో చేత్తో పెనం మీద దోసె తిరగేస్తూ, "రాత్రంతా మూలుగుతనే ఉన్నడు సార్" అంది. ఆ జ్వరం మనిషి అప్పుడే తల దువ్వుకుని, నారపల్లిలో ఎవరో వేసిన ప్లాట్ల వెంచర్ చూడబోతూ టిఫిన్‌కు కూర్చున్నాడు.

"నీ అంత నమ్మేటట్టు ఎవ్వరు జెప్పలేరే" అని మెచ్చుకుని, చట్నీ ఇంకొంచెం వేయమని పళ్ళెం ముందుకు జరిపాడు.

నాచారంలో ఆమె పనిచేసే రెడీమేడ్ బట్టల కంపెనీలోనూ ఇదే మెప్పు. పైదేశం నుంచి తనిఖీకి మనుషులు వచ్చినప్పుడల్లా సూపర్‌వైజర్ భూషణం ఆమెనే ముందు నిలబెట్టేవాడు. ఆదివారాలు కూడా పని చేయిస్తారా అని వాళ్ళడిగితే, లేదని నవ్వుతూ చెప్పాలి. చెప్పేది. ఆ వచ్చే ఆదివారం మళ్ళీ మిషన్ల మధ్య నిలబడి దారాలు కత్తిరించేది. ఇంటికొస్తే అత్త శ్యామలమ్మ తరఫున చుట్టాలతో ఒక మాట, మరిది తిరుపతి తరఫున వాడకట్టులో ఇంకో మాట. అబద్ధాలు కూడా అంట్లలాగే అయిపోయాయి. ఎవరు తిన్నా తోమేది ఆమే.

వాటిలో అన్నిటికంటే పెద్దది తిరుపతిది. కిందటేడు బోనాలనాడు తాగొచ్చి, కూర చల్లారిందని కంచం విసిరికొట్టాడు. ఎత్తబోయిన గౌతమిని గోడకేసి తోశాడు. మణికట్టు విరిగింది. దవాఖానాలో డాక్టరమ్మ ఎట్లా జరిగిందని అడిగినప్పుడు, నరేందర్ నోరు తెరవకముందే బాత్రూంలో జారానని తానే చెప్పింది. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు నరేందర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడు గదా, జర ఓర్సుకో" అన్నాడు. శ్యామలమ్మ మాత్రం పప్పన్నం కలిపి తినిపించింది. తినిపిస్తూ, "వానికి పెండ్లయితే అంతా సక్కగైతది బిడ్డా. ఆలి వస్తే వాడే మారుతడు" అంది.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ముగిసి బస్సులు మళ్ళీ రోడ్డెక్కిన రోజుల్లో అన్నోజిగూడ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు సంతోషి. ఏఎస్ రావు నగర్‌లో ఒక కంటి డాక్టరు క్లినిక్కులో పనిచేస్తుంది. తండ్రి లేడు. పిల్లను చూసి వచ్చిన సాయంత్రం నుంచే గౌతమి లోలోపల ఏదో కుదుటపడింది. పొద్దున టిఫిన్ సంతోషి చూసుకుంటుంది, బట్టలు తాను ఉతుకుతుంది, అత్తమ్మ కాళ్ళకు మందు రాసే పని రోజు విడిచి రోజు. ఇంకా మాట ఖాయం కాని పిల్లతో ఇంటి పనంతా పంచేసుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, పని ముగిశాక కాసేపు నడుం వాల్చినట్టు కూడా ఊహించుకుంది.

శనివారం భోజనం వేళ కంపెనీ గేటు దగ్గర సంతోషి నిలబడి ఉంది. క్లినిక్కు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా అలాగే వేలాడుతోంది. ఇద్దరూ రోడ్డవతల చాయ్ బండి పక్కన బల్ల మీద కూర్చున్నారు.

"అక్కా, అమ్మ అందరినీ అడుగుతున్నది. అందరూ మంచోడనే చెప్తున్రు. కానీ నా మనసు ఒప్పుతలేదు. నీ ముఖం జూస్తే అబద్ధం చెప్పేదాని లెక్క లేవు. అందుకే నీ దగ్గరికే వచ్చిన. తాగుతడా? చెయ్యి జేసుకుంటడా?"

చాయ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి గౌతమి ఆగిపోయింది. జవాబు సిద్ధంగానే ఉంది. అప్పుడప్పుడు దోస్తులతో కొంచెం, అంతే, పిల్లగాడు బంగారం. గొంతులో ఎక్కడ చనువు కలపాలో, ఎక్కడ నవ్వాలో కూడా తెలుసు. అలా అంటే సరిపోతుంది. వచ్చే వేసవికల్లా ఈ పిల్ల ఆ వంటింట్లో ఉంటుంది. అప్పుడు తనకు తెలిసొచ్చింది, ఇన్నాళ్ళుగా తాను ఎదురుచూసింది తోడికోడలి కోసం కాదని. చల్లారిన కూర తన బదులు వడ్డించే మనిషి కోసం. అత్తమ్మ కోరిందీ అదే, భర్త కోరిందీ అదే. వాళ్ళందరితో పాటు వరుసలో తానూ నిలబడింది, అదీ అందరికంటే ముందు. ఇన్నేళ్ళూ వాళ్ళ కోసం అబద్ధాలాడుతున్నానని తన మీద తానే జాలిపడింది గానీ, ఈ అబద్ధం మటుకు అచ్చంగా తనదే. చాయ్ కింద పెట్టేసింది.

"తాగుతడు" అంది. "చెయ్యి గూడ చేసుకుంటడు. నన్ను గోడకేసి తోసిండు. ఇగో, ఈ చెయ్యి విరిగింది. ఇప్పటికీ బరువు లేపలేను."

సంతోషి ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. ఆ మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "చెయ్యి విరిగినప్పుడు నీ తరఫున ఎవ్వరు అడగలేదా అక్కా?" అంది.

గౌతమి చెయ్యి వెనక్కి తీసుకుని, చాయ్ డబ్బులు బల్ల మీద పెట్టింది. భోజనం వేళ అయిపోయినట్టు గంట మోగింది.

తరువాతి ఆదివారం కంపెనీకి సెలవిచ్చారు. పొద్దెక్కాక, సంబంధం తమకు వద్దని అన్నోజిగూడ నుంచి కబురొచ్చింది. కారణం చెప్పలేదు. శ్యామలమ్మ కాసేపు కుప్పకూలినట్టు కూర్చుని, ఉన్నట్టుండి లేచింది. పక్కింటి శాంతాబాయి తమ్ముడిది కూడా అన్నోజిగూడే. ఆమె మీద అనుమానపడటానికి శ్యామలమ్మకు అది చాలు.

"నా కొడుకు నోటికాడి కూడు తీసినవ్ గదనే! నీ నోరు పడిపోను!"

శాంతాబాయి మిషన్ మీద కుడుతున్న జాకెట్ చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "నాకేం ఎరుక పెద్దమ్మా? నేను వాళ్ళను సూడనన్న సూడలే" అంటోంది. ఎవరూ వినడం లేదు. ఇరుగుపొరుగు వాళ్ళు గోడల మీంచి తొంగిచూస్తున్నారు. నరేందర్ తల్లి వెనక నిలబడి, "పొట్ట కోసం కుట్టుకో, మా ఇంటి ముచ్చట్లు నీకెందుకు" అన్నాడు. తిరుపతి గేటు ఊచ పట్టుకుని గుడ్లురుముతున్నాడు.

గౌతమి వంటింట్లో బియ్యం కడుగుతోంది. ఊరుకుంటే చాలు. ఈసారి నోటితో అబద్ధం ఆడే పని కూడా లేదు. రెండు రోజులు గొడవ జరుగుతుంది, శాంతాబాయి మాట్లాడటం మానేస్తుంది, ఇంకో ఊరి సంబంధం వస్తుంది. కుళాయి కట్టేసింది. శాంతాబాయి గొంతు వణుకుతూ వినిపించింది, "నా బిడ్డ మీద ఒట్టు పెద్దమ్మా." ఆ ఒట్టు విన్నాక ఇంక నిలబడలేకపోయింది. తడిచేతులతోనే బయటికొచ్చింది.

"ఆమెను అనకు అత్తమ్మా. నేనే చెప్పిన."

శ్యామలమ్మ తిరిగి చూసింది, సరిగా వినపడనట్టు.

"ఏం జెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. సంతోషి నా దగ్గరికొచ్చి అడిగింది."

తిరుపతి గేటు వదిలి ముందుకు రాబోయాడు. అందరూ చూస్తున్నారని గుర్తొచ్చిందో ఏమో, ఆగాడు. నరేందర్ ముఖం నల్లబడింది. గౌతమి పక్కకు వచ్చి, పళ్ళ మధ్య నుంచి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు:

"అందరి ముందట ఏంది ఇది? లోపలికి నడువ్. లోపల మాట్లాడుదాం."

ఎంత అలసిపోయి ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక్క పొద్దు పనికి వచ్చిన అలసట కాదది. శాంతాబాయి కొంచెం పక్కకు జరిగింది. గౌతమి ఆమె గడప ముందున్న మెట్టు మీద కూర్చుంది.

"లోపల మస్తు మాట్లాడినం" అంది, అందరికీ వినపడేటట్టు. "ఈడనే మాట్లాడుదాం."